బెల్లంపల్లి: మా తాత పోయిన బాయి

మా నాయనమ్మ పోయిన పదకొండో రోజున ఆమె రేకు పెట్టె అడుగున, పసుపు గుడ్డలో చుట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి దొరికింది. అరచేతిలో సగం ఉంటుంది. పైన ఒక రంధ్రం, నడుమ 417 అని అంకె. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ ఎడ్ల మెడల బిళ్లనో" అని పక్కన పడేశాడు. బాపు జమ్మికుంట పత్తి మార్కెట్లో కాంటా పని చేస్తాడు. ఆయనకు తల్లి వస్తువుల మీద ఆసక్తి లేదు, తల్లి మీద కూడా పెద్దగా ఉండేది కాదు. ఆమెతో ఒక పూట నిమ్మళంగా మాట్లాడగా నేను చూడలేదు. ఆమె అన్నం, నీళ్లు చూసుకునేది మా అవ్వ, అంటే మా అమ్మ. తాత బావిలో దూకి చచ్చిపోయాడనీ, పోరు పెట్టి దూకించింది నాయనమ్మేననీ ఆయన నమ్మకం. చిన్నప్పుడు బళ్లో పిల్లలు "బాయిల దుంకినోని కొడుకు" అని పిలిచేవారట. ఆ మంట ఆయనలో చల్లారలేదు.

నాయనమ్మ మాత్రం దూకాడని ఏనాడూ అనలేదు. ఎవరు అడిగినా ఒక్కటే మాట, "బాయిల పోయిండు." తాత ఎక్కడో దూరం పనికి పోయి, ఆర్నెల్లకొకసారి వచ్చే మనిషి. ఆయన చనిపోయాక రెండేళ్ల బాపును చంకనేసుకుని జమ్మికుంట పక్కన పుట్టింటికి వచ్చి ఆ మాట చెప్పి ఊరుకుంది. మిగతా కథ ఊరే అల్లుకుంది. ఎందుకు దూకాడు, ఏం తక్కువైంది, పెళ్లాం నోరు మంచిది కాదట, ఇలా. ఆమె అవునని అనలేదు, కాదని అనలేదు.

బిళ్లను నేను కరీంనగర్ తెచ్చుకున్నాను. అక్కడ ఒక ప్రైవేటు బళ్లో సోషల్ చెప్తాను. ఆదివారాలు పాత ఊళ్లు తిరిగి ఈ బ్లాగులో రాస్తుంటాను. టవర్ సర్కిల్ దగ్గర పాత ఇత్తడి సామాన్లు కొనే ముసలాయనకు బిళ్ల చూపిస్తే, చేతిలోకి కూడా తీసుకోకుండా, "బాయి బిళ్ల గిది" అన్నాడు.

"బాయికి బిళ్లేంది?" అన్నాను.

"నీళ్ల బాయి గాదు తల్లీ, బొగ్గు బాయి. బెల్లంపల్లి, మందమర్రి దిక్కు వాడుదురు. దీపం తీస్కోవాల్నంటె బిళ్ల ఇయ్యాలె."

తెలంగాణ పటంలో బొగ్గు గనులు గుర్తించండని పదో తరగతి పిల్లలకు ఏటేటా చెప్పేదాన్ని నేనే. గనిని బాయి అంటారని నాకు తెలియక కాదు, గోదావరిఖనిలో మాకు చుట్టాలున్నారు. కానీ మా ఇంట్లో బాయి అంటే పొలంలో నీళ్ల బావే. పుట్టినప్పటి నుంచి విన్న మాటకు ఇంకో అర్థం వెతకాలని ఎవరికి తోస్తుంది? నా మొద్దుతనానికి నాకే ఒళ్లు మండింది. బాపుకు ఏమీ చెప్పలేదు. తేలకుండా చెప్పి ఆయనను పరేషాన్ చేయడం ఎందుకని, మొన్నటి ఆదివారం ఒక్కదాన్నే బయలుదేరాను.

దారి కష్టమేమీ కాదు. కరీంనగర్ బస్టాండులో పొద్దున ఆరింటికి మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా ఎనిమిదిన్నర లోపు దింపుతుంది. ఆడవాళ్లకు జీరో టికెట్, ఆధార్ కార్డు మాత్రం చేతిలో పెట్టుకోండి. మగవాళ్లకు నూట యాభై లోపే అవుతుంది. మంచిర్యాలలో బెల్లంపల్లి బస్సులు వెంటవెంటనే ఉంటాయి, ముప్పావు గంట ప్రయాణం. రైలు ఇంకా తొందరగా పోతుంది కానీ వేళలు చూసుకోవాలి. నేను తొమ్మిదిన్నరకు దిగాను. చలికాలమైనా గాలిలో సన్నటి దుమ్ము ఉంది, గంటలో ముక్కుపుడక నల్లబడింది.

నిజాం కాలంలో లేచిన ఊళ్లు, కొన్ని తెల్లదొరల చేతుల మీదుగా, ఈ దిక్కున మూడు నాలుగున్నాయి. బయటివాళ్లకు అన్నీ ఒకటే పెంకుటిళ్లు, ఒకటే రైలు పట్టాలు. కాసేపు తిరిగితే దేని తీరు దానిదే. కాగజ్‌నగర్‌లో కొత్త మనిషిని కాగితం మిల్లులో ఏ షిఫ్టు అని అడుగుతారు. ఆసిఫాబాద్ పాత కచేరీల ఊరు, అక్కడ ఏ ఆఫీసు పని మీద వచ్చారంటారు. బెల్లంపల్లిలో ఏం అడుగుతారో నాకు ఆ రోజే తెలిసింది.

ఊరంతా బస్తీలు. కొన్నిటికి పేర్లు, కొన్నిటికి బాయి నంబర్లే పేర్లు. బాయిలు నడిపిన తెల్లదొరల బంగళాలు గుట్ట వారగా ఎత్తు మీద ఉన్నాయి. వరండాలు వెడల్పు, కప్పులు ఎత్తు, కిటికీలకు ఇప్పుడు అద్దాలు లేవు. కింద కార్మికుల క్వార్టర్లు వరుసలు వరుసలుగా ఉన్నాయి, వీపుకు వీపు ఆనుకుని. బాయిలు మూతపడ్డాక సగం వరుసలు ఖాళీ. తలుపులు, చౌకట్లు ఊడబెరుక్కుపోయారు. ఒక ఇంట్లో గోడకు పాత క్యాలెండర్ వేలాడుతోంది, నేల మీద మేకలు పడుకున్నాయి. ఫొటోలు తీద్దామని వచ్చినదాన్ని, నాలుగు తీసి ఫోను లోపల పెట్టేశాను. ఎవరి కాపురమో తొంగి చూసినట్టు అనిపించింది.

ఆటో అతనికి బిళ్ల చూపించి, దీని గురించి ఎవరిని అడగాలన్నాను. "ల్యాంపురూం రాజయ్య తాతనే అడగాలె అక్కా. పొద్దుగాల హోటల్ కాడనే ఉంటడు" అని బస్తీ మొదట్లో ఒక టిఫిన్ హోటల్ ముందు దింపాడు, యాభై తీసుకున్నాడు. హోటల్ నడిపే ఆమె పూరీ పెడుతూ, "ఎవల కోసం వచ్చినవమ్మా?" అంది. మా తాత, ఓదెలు అని ఇక్కడ పని చేశాడేమో అన్నాను.

"ఓదెలు ఇంటి పేరా, బాయి పేరా?" అందామె.

నాకు అర్థం కాలేదు. ఆమె నవ్వకుండా మామూలుగా చెప్పింది. "మా ఆయన ఇంట్ల మల్లేశం, బాయిల కొమురయ్య. గీడ శానమందికి రెండు పేర్లే ఉంటయి. పని ఒకలకు వస్తది, ఇంకొకలు చేస్తరు. మారుపేరు అంటరు." కాగజ్‌నగర్‌లో షిఫ్టు అడిగినట్టు బెల్లంపల్లిలో ఇది అడుగుతారన్నమాట.

రాజయ్య తాత బల్ల చివర చాయ్ తాగుతున్నాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, మెడకు ఉన్ని మఫ్లర్. ముప్పై ఏళ్లు ల్యాంపురూంలో, అంటే బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని చేశాడట. బిళ్ల చేతిలో పెట్టాను. చూపు ఆనదేమో, బొటనవేలితో అంకెలు తడిమాడు.

"నాలుగు వందల పదిహేడు" అని బిళ్లను గుప్పిట్లో మూసుకున్నాడు. "నీ తాన ఎట్లున్నది గిది?"

"మా నాయనమ్మ పెట్టెలో దొరికింది."

"ఉన్నదా ఆమె?"

"పోయింది తాతా. రెండు నెలలైతుంది."

చాయ్ గ్లాసు సగంలోనే కింద పెట్టాడు. "పా బిడ్డా, రాయి కాడికి పోదాం" అని లేచాడు.

బాయి అక్కడికి కిలోమీటరు. దారి పొడుగునా సర్కారు తుమ్మలు, చీర కొంగు రెండుసార్లు చిరిగింది. బాయి మూతిని ఎప్పుడో మట్టి పోసి పూడ్చారు. దాని ముందర నడుమెత్తు రాయి ఒకటి. బండ కూలి చనిపోయిన ముగ్గురి కోసం తోటి కార్మికులు చందాలు వేసుకుని పెట్టిందట. రాజయ్య తాత మఫ్లర్ తీసి రాయి తుడిచాడు. మూడు పేర్లున్నాయి. మొదటి రెండూ నాకు తెలియనివి. మూడోది పోశం, దాని పక్కన 417.

"ఓదెలు లేడు కదా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"పని జేసిన పేరు గద రాసేది. మీ తాత పోశం పేరు మీద పని చేసిండు."

"మరి ఈ పోశం ఎవరు?"

ఆయన రాయి వైపే చూస్తూ, "నేనే" అన్నాడు.

చెప్పిందంతా నిలబడే చెప్పాడు. అసలు పోశం ఈయనే, పని వచ్చింది ఈయనకు. వారం రోజులు దిగేసరికి కింద చీకటికి భయం పుట్టి జ్వరం పట్టింది. వాళ్ల ఊళ్లోనే ఓదెలు పని లేక తిరుగుతుంటే, నా పేరు మీద నువ్వు పో అని ఈయనే అన్నాడు. బిళ్ల ఇచ్చి పంపాడు. ఏడాదిన్నరకు బండ పడింది. దీపం తిరిగి రాలేదు, బిళ్ల ల్యాంపురూంలో మిగిలిపోయింది. మారుపేరని తెలిస్తే రెండిళ్లవాళ్లూ జైలుకు పోతారని ఎవరో భయం పెట్టారు.

"దహనం గూడ పోశం పేరు మీదనే చేసిండ్రు బిడ్డా. మా అవ్వ కొడుకు సచ్చినట్టు ఏడ్వాల్సొచ్చింది. మీ నాయనమ్మ గుంపుల నిలవడ్డది. చుట్టాన్నని గూడ చెప్పుకోలే. నోట్లె కొంగు కుక్కుకున్నది."

"మీరెక్కడున్నారప్పుడు?"

"ఊర్లె, వడ్ల బస్తాలు పెట్టె గడంచె కింద దాసుకున్న. సచ్చినోన్ని గద." రాయి మీద మిగిలిన దుమ్ము చేత్తో తుడిచాడు. "పోశందని బిళ్లను మా అవ్వ చేతిల పెట్టిండ్రు, నెల దినాలైనంక దాన్ని తీస్కపోయి మీ నాయనమ్మకిచ్చిన. ఊర్లె అడిగితె ఏమని చెప్పాలె అన్నది. బాయిల పోయిండని చెప్పు, అబద్ధం గాదు గద అన్న."

నాకు ఆ క్షణంలో ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ముసలివాడని కూడా చూడలేదు. "మా ఊళ్లో అందరూ నీళ్ల బాయిలో దూకాడనుకున్నారు తాతా. పెళ్లాం పోరు పడలేక దూకాడన్నారు. మా బాపు ఈ రోజు వరకు అదే నమ్ముతున్నాడు, ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు" అన్నాను.

ఆయన చేతిలోని మఫ్లర్ మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు. "గట్ల సమజైతదని నాకు ఆలోచన రాలే" అన్నాడు చివరికి. "ఈడ బాయంటె ఇదే గద."

పెదనాయన కొడుకు పేరు రాజయ్య, ఆరేళ్ల తర్వాత ఆ పేరు మీద ఈయన ల్యాంపురూంలో చేరాడట. కిందికి దిగే పని కాదు, పైగా రాయికి దగ్గర. ఇప్పుడు ఆధార్‌లోనూ రాజయ్యే. "పోశం సచ్చిపోయిండు గద, మల్ల ఎట్ల రాపిచ్చుకోవాలె?" అన్నాడు. ఏటా ఆ రోజున వచ్చి దండ వేస్తాడట. చూసేవాళ్లు, పోశం నీకేమైతడు అంటే, దోస్తు అని చెప్తాడట. పేరు మార్పించవచ్చా అని అడిగాను. ఎవరిని అడగాలో ఆయనకూ తెలియదు. రాయి పెట్టినవాళ్లలో ఎవరూ మిగలలేదు, బాయే మిగలలేదు.

మధ్యాహ్నం రైలుకు కాగజ్‌నగర్ పోవాలనుకున్నదాన్ని, స్టేషన్‌లో బల్ల మీద కూర్చుండిపోయాను. బాపుకు ఫోన్ చేశాను. ఆదివారం, మార్కెట్ లేదు, ఇంట్లోనే ఉన్నాడు. వరసగా చెప్పేశాను. తాత దూకలేదు, బొగ్గు బాయిలో పని చేస్తుంటే బండ పడింది, వేరేవాళ్ల పేరు మీద పని చేశాడు, అందుకే నాయనమ్మ నోరు మూసుకుంది. లైను పోయిందేమోనని రెండుసార్లు "బాపూ" అన్నాను.

"చెప్పింది గదనే" అన్నాడు. "చిన్నప్పటి సంది చెప్పింది గద, బాయిల పోయిండని." అటు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. "పోయే ముందల నీళ్లడిగింది బిడ్డా. కొడకా జర నీళ్లు పొయ్యి అన్నది. నేను లేవలే. మీ అవ్వ వచ్చి పోసింది." ఫోన్ పెట్టేశాడు.

రాత్రికి కరీంనగర్ చేరాను. ఇది రాయడానికి వారం పట్టింది. ఇన్నాళ్లూ పాత ఊళ్లకు వెళ్లి కప్పులు ఎత్తుగా ఉన్నాయనీ, గోడలు మందంగా ఉన్నాయనీ రాశాను. ఆ గోడలు కట్టిన రోజుల్లో ఏ పేరుతో ఎవరు పని చేశారో, ఎవరి చావుకు ఎవరు ఏడ్చారో అడగాలని తోచలేదు. నాకు సిగ్గుగా ఉంది. తెల్లదొరలు కట్టి పోయిన ఊళ్లో ఏ బంగళా ఏ దొరదో ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. మా తాత పేరు మాత్రం ఆ ఊళ్లో ఎక్కడా లేదు. బాపు ఆ బిళ్లను అడిగి తీసుకున్నాడు, నల్లదారం కట్టి నాయనమ్మ ఫొటోకు తగిలించాడు. రోజూ పొద్దున ఆ ఫొటో ముందు గ్లాసుతో నీళ్లు పెట్టి పనికి పోతున్నాడని అవ్వ చెప్పింది.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. బెల్లంపల్లిలో మీవాళ్ల ఆచూకీ వెతకాలనుకుంటే ఇంట్లో పిలిచిన పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. బాయి నంబరు, బిళ్ల, పని చేసిన పేరు, ఏది దొరికితే అది తీసుకెళ్లండి. అవన్నీ తెలిసిన మనిషి మీ ఇంట్లో ఇంకా ఉంటే, బస్సెక్కే ముందు ఒక గ్లాసు నీళ్లిచ్చి, పక్కన కూర్చుని, ఏ బాయి అని అడగండి.