ఖాళీ చుక్కల సీసాలు అడిగిన దేవసహాయం సార్

సోమవారం పొద్దున ఆబిడ్స్‌లో మా కళ్లద్దాల దుకాణం షటరు సగం ఎత్తానో లేదో, దేవసహాయం సార్ పెద్దకొడుకు ఫోన్ చేశాడు. ఉదయ ప్రార్థన చేసుకుంటూ కుర్చీలోనే నాన్న పోయారన్నాడు. మిగతా సగం ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. శనివారం సాయంత్రమే కదా, హోలీ దగ్గరికొచ్చింది, బోర్డు తుడిచి బయట పెట్టమని సార్ నాకు పురమాయించి వెళ్లింది.

మెదక్‌లో పుట్టి, నాంపల్లిలో స్థిరపడి, నలభై ఏళ్లకు పైగా జనం చూపు పరీక్షించి, మా దుకాణంలోనూ ఆ పనే చేసిన ఆ నిష్కామ సేవాపరాయణుని గురించి రాద్దామని కూర్చుంటే, దుఃఖం కంటే ముందు ఉత్సాహమే తన్నుకొస్తోంది. ఆయన్ను తలచుకున్నవారికి ఎవరికైనా అంతే. కూర్చున్నవాణ్ణి కూర్చోనివ్వని మనిషి.

వసంతాగమనం కవులకు కోకిల చెబితే, మా సార్‌కు కళ్లు నులుముకుంటూ గడప ఎక్కే పిల్లలు చెప్పేవారు. ఇక చూడండి, పెళ్లివారింటి హడావిడి! పూల పుప్పొడి, రోడ్డు దుమ్ము, ముదురుతున్న ఎండ, అన్నీ కలిసి పసికళ్ల మీద పడే కాలమది. డెబ్బై దాటినా చొక్కా చేతులు మడిచి, వచ్చిన ప్రతి తల్లికీ చల్లటి శుభ్రమైన నీళ్లలో గుడ్డ తడిపి మూసిన కళ్ల మీద ఎలా పెట్టాలో చేసి చూపేవారు. "కన్ను దురదవెడితే చెయ్యి జేబుల వెట్టు" అన్నది ఆయన సూక్తి. జేబుల్లేని గౌను వేసుకున్న చిన్నపిల్ల ఒకతె నాకెట్లా అని అడిగితే, మీ నాయిన జేబుల వెట్టు అన్నారు.

ఒకసారి హోలీకి రెండు రోజుల ముందు నాంపల్లి కోర్టు వకీలొకాయన కొత్త కాంటాక్ట్ లెన్సుల కోసం వచ్చారు. రంగు నీళ్లు లెన్సు కింద చేరితే కన్ను పుండవుతుందని, పండుగ అయ్యాక రమ్మని సార్ ఖరాఖండీగా చెప్పేశారు. ఆయన వాదించారు, వాదన ఆయన వృత్తి. సార్ వినిపించుకోకుండా ఆయన పాత కళ్లద్దాలే మెరిసేలా తుడిచి ముక్కు మీద పెట్టి పంపారు. పండుగ మర్నాడు వకీలుగారు పచ్చటి చెవులతో, తెల్లటి కళ్లతో మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చారు.

ఇంతకీ ఆ బోర్డు సంగతి. వాడిన కంటిచుక్కల సీసా తెచ్చి చూపిస్తే కళ్లద్దాలు ఉచితంగా తుడిచి, మరలు బిగిస్తామని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో సార్ స్వహస్తాలతో రాశారు. అఫ్జల్‌గంజ్ నుంచి కూడా సీసాలు వచ్చేవి. సార్ భూతద్దంతో ఒక్కొక్కటీ చదివి, స్టెరాయిడ్ ఉన్నది కనబడితే చాలు, ఆ చుక్కలు వాడిన పిల్లను కంటి డాక్టరు దగ్గరికి పంపేదాకా నిలువనిచ్చేవారు కాదు. ఊరంతా దాన్ని ఆయన వేడుక అనుకుంది. అది ఎందుకు మొదలైందో ఈ రోజు చెప్పాలి.

తొమ్మిదేళ్ల కింద నా కూతురు మౌనికకు ఎనిమిదేళ్లు. అంతకు ముందు నుంచే ప్రతి వసంతంలోనూ కళ్లు ఎర్రబడి దురద. ఆరేళ్లప్పుడు డాక్టరు వారానికని చుక్కలు రాస్తే రెండో రోజుకే ఎరుపు పోయింది. మరుసటి ఏడాది నేను డాక్టరు గడప తొక్కలేదు. ఖాళీ సీసా మందుల షాపులో చూపించి అదే తెచ్చాను, ఆపై ఏడాదీ అంతే, నెలల తరబడి వేశాను. కళ్లద్దాలు అమ్మేవాడు తానూ సగం డాక్టరేననుకుంటాడు, అదీ మా జబ్బు. ఒక మధ్యాహ్నం పిల్ల దుకాణానికి వస్తే, గాలి ఊది కంటి ఒత్తిడి చూసే యంత్రం ముందు సార్ సరదాగా కూర్చోబెట్టారు. అంకె చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. ఏం మందు వేస్తున్నావని అడిగితే, నేను గొప్పగా జేబులోంచి సీసా తీశాను.

వెంటనే ముగ్గురం ఆటోలో దవాఖానకు వెళ్లాం. ఒత్తిడి పెంచింది ఆ చుక్కల్లోని స్టెరాయిడేనని, ఎడమ కంట్లో పక్కచూపు కొంత పోయిందని, అది తిరిగి రాదని, మిగిలింది కాపాడవచ్చని డాక్టరు చెప్పారు. మెట్ల మీద కూలబడి ఏడ్చాను. సార్ నా పక్కన కూర్చున్నారు.

"ఏడ్వకు సత్యం. ఇంకో ఇంట్ల గిట్ల కావొద్దంటే ఏం జెయ్యాలె, గది సోంచాయించు" అన్నారు.

వారం తిరక్కుండా బోర్డు వచ్చింది. సీసా తెచ్చిన మొదటి తల్లితో సార్ అన్న మాట విని నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నా బిడ్డకు నేనే తెలివిలేక గివే వేసిన తల్లీ. ఎడమ కన్ను జర పోయింది. నువ్వు గట్ల జెయ్యకు."

తరవాత అడిగితే, నీ పేరు చెప్తే నీ దగ్గరెవరు అద్దాలు కొంటరు, ముసలోన్ని, నాకేం పోతది అని తేల్చేశారు. తొమ్మిది వసంతాలు ఆయన ఆ మాట చెబుతూనే ఉన్నారు, నేను పక్కనే అద్దాలు తుడుస్తూ ఊరుకున్నాను. నాకు హాయిగా ఉండింది. సిగ్గుపడవలసింది దానికే.

మంగళవారం సమాధుల తోటలో అంతా అయిపోయాక, ఒకప్పుడు సీసా తెచ్చిన ఒక తల్లి ఎదిగిన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, సార్ బిడ్డ యాడుంది? కన్ను ఇప్పుడెట్లుందో అడుగుదామని వచ్చిన."

సార్‌కు ఇద్దరూ కొడుకులే. మౌనిక నా పక్కనే నిలబడి ఉంది.

"సార్‌కు ఆడపిల్లల్లేరమ్మా. ఆ బిడ్డ నా బిడ్డ. ఆ చుక్కలు వేసింది నేను" అన్నాను.

ఆమె నన్ను కాదు, సమాధిని చూసింది. ఇక ఎవరు అడిగినా నేనే చెబుతాను. అందుకే ఇక్కడా రాస్తున్నాను. సార్, మీ పాదాలకు నమస్కారం. తన పుణ్యం పంచేవారు లోకంలో దొరుకుతారు. ఎదుటివాడి తప్పును తన పేరున చెప్పుకునే మనిషిని నేను ఒక్కరినే చూశాను, ఆయనను మట్టికి అప్పగించి వచ్చాను.