కాళ్లు పడని ఫొటో

మా పక్కింటి ఓబ్దూలియా తీసిన హమ్మింగ్‌బర్డ్ ఫొటోల్లో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. మేం కిందె అని పిలుచుకునే ఆ పిట్టలు ఆమె పెరట్లో పంచదార నీళ్లకు ముసిరేవి. సరిగ్గా కంటి మీద ఫోకస్ పెట్టి తీసేది. తర్వాత కంప్యూటర్లో, ముక్కు ముందు కాస్త చోటుంచి మిగతాదంతా కత్తిరించేసేది.

"పిట్ట తోక పోయింది కదే!" అంటే, "తోక కావాలంటే కోడిని చూసుకో," అని కసిరేది.

ఆమె తమ్ముడు ఎవరార్దో వాటాకొచ్చిన కొండవాలులో ఇంకా అడవి ఉంది. కాళ్లకు తెల్లటి దూది ఉండల్లాంటి ఈకలున్న నల్ల కిందె ఒకటి అక్కడ తిరిగేది. ఆ జాతి ఇప్పుడు దాదాపు అయిపోయింది. అది ఉందని ఫొటోతో రుజువైతే కొండను కొని అడవిని కాపాడతామని, పక్షుల మీద పనిచేసే మరియేల రాజధాని కీటో నుంచి వచ్చి చెప్పింది.

"వానలు పడేదాకా ఆగుతానక్కా," అన్నాడు ఎవరార్దో. "ఆ తర్వాత చెట్లు కొట్టించి బంగాళాదుంప వేస్తా. పిట్ట కోసం పిల్లల్ని పస్తు పెట్టలేను."

ఓబ్దూలియా రోజూ మంచులో ఆ వాలెక్కింది. ఒకసారి ఆ నల్ల కిందె ఎక్కడో చిటారుకొమ్మ మీద దొరికింది. కత్తిరించి పెద్దది చేస్తే పిట్ట కాస్తా మసిమరకైంది. మరికొన్నాళ్లకు అదే వచ్చి చేతికందేంత దగ్గర పువ్వు మీద నిలబడింది. వెనక్కి జరిగితే ఎగిరిపోతుందని ఊపిరి బిగబట్టి నొక్కింది.

ఇంటికొచ్చి తెర మీద చూపించింది. కన్ను, ముక్కుకంటిన పుప్పొడి, గొంతు కింద పచ్చటి మెరుపు.

"అబ్బ! ఎంత బాగా వచ్చిందే!" అన్నాను.

ఆమె తెర కింది అంచు మీద వేలు పెట్టింది. ఫొటో పిట్ట పొట్ట దగ్గరే ఆగిపోయింది.

"కత్తిరించేశావా?"

"లేదే. పడిందే అంత."

ఫొటో చూడ్డానికి మరియేల మళ్లీ వచ్చింది. "నేను నమ్ముతానండీ. కానీ దీన్ని చూసి మావాళ్లు వేరే జాతంటారు. కాళ్లు పడుంటే..."

"నువ్వు నమ్మితే రంపం ఆగుతుందా తల్లీ?" అంది ఓబ్దూలియా.

వానలొచ్చాయి. అక్క అడిగిందని ఎవరార్దో ఇంకొన్నాళ్లు ఆగాడు. కాఫీ పట్టుకెళ్లి తనూ వాలు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. పిట్ట రాలేదు. ఒకరోజు కూర్చున్న చోటి నుంచి లేచి, "ఇంక నావల్ల కాదక్కా," అన్నాడు. ఆమె అడ్డు చెప్పలేదు. రంపాలు నడిచినన్నాళ్లూ తలుపు మూసుకుని లోపలే ఉంది.

ఆ ఏడు పంట బాగా పండింది. తమ్ముడు తెచ్చిన దుంపలతో ఓబ్దూలియా చీజ్ వేసి చిక్కటి సూప్ కాచింది. నన్నూ పిలిచింది.

"దుంప బాగుందా అక్కా?" అన్నాడు ఎవరార్దో, ఆమె మొహంలోకి చూడకుండా.

"బాగుందిరా," అంది. వాడి గిన్నెలో ఇంకో గరిటె వేసింది.