బాలమణి ఒడి బియ్యం

ఐదు సోలల బియ్యం ఏపాటి బరువు? పదిహేనేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పోలీసు చర్య అయిన నాలుగైదేళ్లకు మా ఆయన మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత వ్యాను ఒకటి కొన్నాడు. అప్పటికి మా పెళ్లయి ఆరు నెలలు. వికారాబాదులో అద్దె గది ఖాళీ చేసి ఆ వ్యానులోనే కాపురం పెట్టాం. ఒక బొంత, ఒక కిరసనాయిలు పొయ్యి, ఆయన పనిముట్ల పెట్టె. ఏ ఊళ్లో నీళ్లు తోడే ఇంజను మొరాయించినా ఆయన బాగుచేసేవాడు. వాళ్లు జొన్నపిండో, కందిపప్పో, పొయ్యి మీది వేడి రొట్టెలో ఇచ్చేవారు. ఏడాది పాటు తిరిగాం, ఒక్క రోజూ పస్తు పడుకోలేదు. కోట్‌పల్లి దగ్గర వ్యాను బురదలో దిగబడితే పొలంలో ఉన్నవాళ్లంతా పని ఆపి వచ్చి తోశారు, మా పేరైనా అడగలేదు. చుట్టాలు మమ్మల్ని చూసి నవ్వారు గానీ, నా బతుకులో అంత సుఖంగా మళ్లీ ఎప్పుడూ లేను. ఆ ఏడాదికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మా బండి ఎటు వెళ్తుందో తెలిస్తే చాలు, ఆ దారిలో ఉన్న తమవాళ్లకు అందరూ ఏదో ఒకటి ఇచ్చి పంపేవారు. పచ్చడి జాడీ, పురుటి కబురు, పెళ్లి పిలుపు. మమ్మల్ని నమ్మి ఇచ్చినవి ఏవీ పోగొట్టలేదు. ఒక్కటి తప్ప.

దోమ అనే ఊళ్లో ఆయన ఇంజను పనిలో ఉండగా, ఒక అవ్వ నన్ను పశువుల కొట్టం వెనక్కి పిలిచింది. ఆమె కూతురు బాలమణి, చర్చికి పోయే పిల్లవాడిని తనకు తానే పెళ్లి చేసుకుని కరణ్‌కోట బండల గనులకు వెళ్లిపోయిందట. తండ్రి ఇంట్లో ఆ పేరే ఎత్తనివ్వడు. అవ్వ మొగుడికి తెలియకుండా ఒడి బియ్యం కలిపింది. బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు వేసి మూట కట్టింది. పుట్టింటి నుంచి అవి ఒడిలో పడ్డాయంటే, ఆడపిల్లకు పుట్టిల్లు ఇంకా ఉన్నట్టు.

"నేను పోరాదు బిడ్డా. నువ్వే దాని ఒళ్లె పొయ్యి. అమ్మకు కోపం లేదని జెప్పు," అని నా గడ్డం పట్టుకుంది.

తాండూరుకు ఇవతల కాగ్నా నది పొంగింది. మూడు రోజులు ఒడ్డునే ఉండిపోయాం. మూడో రోజు పొద్దున తినడానికి ఏముందని ఆయన అడిగాడు. ఏమీ లేదన్నాను.

ఇక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోతాను. ఆకలి అని రాద్దామనుకున్నాను. ఆకలి కాదు. డబ్బా అడుగున ఇద్దరికీ సరిపోయే జొన్నపిండి ఉంది. మరి ఎందుకు విప్పాను? నన్ను కన్న వారానికే మా అమ్మ పోయింది. నా ఒడిలో పిడికెడు గింజలు పోసినవాళ్లు లేరు. ఇంట్లో మాట కాదని వెళ్లిపోయిన దానికి ఇంత బియ్యమా, ఎవరి మాటా జవదాటని నాకు ఏమీ లేదా అని కుళ్లుకున్నాను. ఆయన నీళ్లెంత తగ్గాయో చూడటానికి వెళ్లినప్పుడు మూట విప్పి, నా ఒడిలో నేనే పోసుకున్నాను. కాసేపు అలాగే కూర్చున్నాను. ఎంత బాగుందో చెప్పలేను. ఒకసారి నా ఒడిలో పడ్డవాటిని ఇంకొకరి ఒడిలో ఎలా పోస్తాను? వండేశాను. అవ్వ మనకే ఇచ్చిందని ఆయనతో చెప్పాను. ఆయన ఖర్జూరం నములుతూ ఆ తల్లి చల్లగా ఉండాలన్నాడు.

కరణ్‌కోట వద్దు, నేరుగా తాండూరు పోదామన్నాను. గనుల దగ్గర పని దొరుకుతుందని ఆయన అటే తిప్పాడు. అక్కడే ఇరుసు విరిగింది. బండలు కొట్టేవాళ్లు గడ్డపారలు వేసి వ్యాను ఎత్తి, కింద బండలు పేర్చి నిలబెట్టారు. ఆయన బయట ఇరుసు పనిలో పడ్డాడు. వాళ్లలో ఒకతని భార్య నన్ను గుడిసెలోకి పిలిచి రొట్టె, పప్పు పెట్టింది. పక్కనే నెలల పిల్ల నిద్రపోతోంది.

"దోమ దిక్కు నుంచి వచ్చిండ్రట గద అక్కా. గది మా తల్లిగారి ఊరు," అంది. పిల్ల మీద ఈగలు తోలుతూ, "మా అమ్మ గిట్ల కనవడ్డదా?" అని అడిగింది.

తల ఎత్తకుండా రొట్టె ముక్క పప్పులో అద్దాను.

"లేదు చెల్లె. నాకు గాడ ఎవ్వరు కనవడలే."

"పోనీ తియ్యక్కా. మళ్ల గా దిక్కు పోతే జర చెప్పు. బాలమణి మంచిగున్నది, ఆడపిల్ల పుట్టిందని."

నా విస్తట్లో ఇంకో రొట్టె వేసింది. వచ్చేటప్పుడు బొట్టు పెట్టి పంపింది.

బియ్యం లేకపోతేనేం, మాట మిగిలే ఉంది కదా. దాన్ని కూడా ఎందుకు మింగాను? మాట చెబితే బియ్యం సంగతి బయటపడుతుందని. అంతే, ఇంకే కారణమూ లేదు. ఇరుసు బాగయ్యాక కన్నడ దేశం వైపు వెళ్లిపోయాం. మరుసటి ఏడు వ్యాను అమ్మేశాం. ఇటు కబురు అటు చేరలేదు, అటు కబురు ఇటు చేరలేదు. ఇప్పుడు దోమకు బస్సు పోతుంది. ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్లి, ఎక్కకుండా వచ్చేశాను. కరణ్‌కోటకు మాత్రం పోయిన ఏడు వెళ్లాను. ఆ గుడిసెలు లేవు. వాళ్లెటు పోయారో అక్కడ ఎవరికీ తెలియదు.

తల్లి బియ్యం తిన్నాను, కూతురి రొట్టె తిన్నాను. వాళ్ల చలవ వల్లే ఆ దారిన బతికి వచ్చాను. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా నేను అన్నంలో చెయ్యి పెట్టను. క్షమించమని అడగటం లేదు. బాలమణి అడిగినదానికి జవాబు బాకీ ఉన్నాను, అది ఇక్కడైనా చెప్పాలి.

కనవడ్డది చెల్లె. మీ అమ్మ కనవడ్డది. నీ ఒళ్లె పొయ్యమని బియ్యం ఇచ్చింది. కోపం లేదన్నది. గవి నేను తిన్న.