మంత్రం చెప్పని సీసా

మా నాన్నని విజయనగరంలో అందరూ రంగం కంపౌండరు అనేవారు. రంగం అంటే రంగూను. మా తాత శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కూలిపనికి ఓడెక్కి అక్కడికి వెళ్లాడు. నాన్న అక్కడే పుట్టి, మిషను బడిలో చదువుకుని, మందులు కలపడం నేర్చుకుని, ఒక పెద్ద ఇంగ్లీషు మందుల షాపులో ఫార్మసిస్టుగా కుదురుకున్నారు. అక్కడి ప్రభుత్వం షాపులన్నీ తీసేసుకున్నాక మాలాంటి వాళ్లని ఓడలెక్కించి పంపేసింది. అప్పటికి నాకు పదకొండేళ్లు, నాన్నకి నలభై దాటాయి. మీ సొంత దేశం అని అందరూ అంటున్న దేశాన్ని ఆయన కూడా నాతోపాటే మొదటిసారి చూశారు.

గంటస్తంభం దాటాక ఒక సందులో ఇల్లు తీసుకున్నాం. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో మేం. నాన్న రంగూను నుంచి తెచ్చుకున్నవి మూడే: బైబిలు, చెక్కపెట్టెలో ఇమిడిపోయే చిన్న త్రాసు, మందు నూరే పింగాణీ కల్వం. అమ్మ మాత్రం ఖౌస్వే అనే బర్మా సేమ్యా వండే గిన్నె లేకుండా ఓడెక్కనని పోట్లాడి తెచ్చుకుంది. శనివారం సాయంత్రం కొబ్బరిపాలు మరిగి ఆ గోధుమ సేమ్యా ఉడుకుతుంటే సందు సందంతా వాసన. మేం సుఖంగానే ఉన్నాం. ఈ మాట కావాలనే చెప్తున్నాను. బర్మా కాందిశీకులు అనగానే జనం మొహం జాలిగా పెట్టేస్తారు, అది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాన్న భాష మీద ఊళ్లో అందరికీ నవ్వే. రంగూను కూలిలైన్లలో మా తాత దగ్గర నేర్చుకున్న తెలుగు కదా, అది ఇక్కడి వాళ్ల మాట కంటే పాతది. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. దీపాలు పెట్టే వేళకి షాపు తలుపు ఒక రెక్క మూసి లోపలికి వచ్చేవారు. అందరం చాపమీద కూర్చుని కీర్తన పాడి, వాక్యం చదివి, ప్రార్థన చేసుకునేవాళ్లం. మందుకోసం వచ్చినవాళ్లు అరుగుమీద కూర్చుని వినేవారు. ఆదివారం షాపు తియ్యమంటే రాజుగారొచ్చినా తీసేవారు కారు.

నేనుమాత్రం ఆ ప్రార్థనలో పెదాలు ఊరికే కదిపేదాన్ని. రంగూనులో నా పిల్లిని వదిలేసి రావాల్సి వచ్చిన రోజు నుంచీ దేవుడికీ నాకూ మాటల్లేవు. అమ్మకి తెలిసినా ఊరుకుంది.

ఇంట్లో చేసుకునే ప్రార్థనతో నాకు పేచీ లేదు, షాపులో చేసేదానితోనే. ఆ రోజుల్లో సీసాలు జనమే ఇంటినుంచి తెచ్చుకునేవారు. నాన్న మందు కలిపి, సీసాలో పోసి, బిరడా బిగించి, రెండు చేతుల్తో పట్టుకుని కళ్లు మూసుకునేవారు. పెదాలు కదిలేవి. కళ్లు తెరిచాక, గాట్లు కత్తిరించిన కాగితం చీటీ సీసాకి అంటించేవారు. ఒక గాటు ఒక మోతాదు, చదువురాని వాళ్లకి కూడా తెలిసిపోతుంది. ప్రార్థన కాకుండా చీటీ అంటించడం ఆయనకి లేదు. పల్లెల వాళ్లు అదంతా మంత్రం అనుకున్నారు. మంత్రం కాదమ్మా, ప్రార్థన అని నాన్న చెప్తే, అదే బాబూ మంత్రం అని బుర్ర ఊపేవారు. మా బళ్లో నన్ను మంత్రాల కంపౌండరు కూతురా అని పిలిచేవారు. ఒకరోజు ఏడుపొచ్చి, ఆ కళ్లు మూసుకోవడం మానెయ్యమని నాన్నని అడిగాను.

నాన్న నవ్వారు. "ఇందల ఏటేసేనో ఆయనకి సెప్తన్నానే. మనుసులకి సెప్పినట్టు ఆయనకి అబద్దం సెప్పలేం గదా" అన్నారు. రంగూనులో చిన్నతనంలో ఒకసారి తన చేతుల్లో పొరపాటు జరిగిందనీ, అప్పట్నుంచీ ఇదే అలవాటనీ చెప్పారు. ఆ పొరపాటేమిటో నేను అడగలేదు. నాకు బళ్లో పరువు ముఖ్యం.

అప్పటికి మేమొచ్చి మూడేళ్లయింది. ఒక మధ్యాహ్నం ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి నాన్న లేరు, మందుల పార్సిలు తేవడానికి రైల్వే స్టేషనుకి వెళ్లారు. షాపు ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. మనవడికి పొద్దుట్నుంచీ నీళ్ల విరేచనాలట, మందు కలిపే ఉందట, నాన్న ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లారట, బస్సు వెళ్లిపోతుందట. బల్లమీద చూస్తే రెండు సీసాలున్నాయి. రెండూ ఇళ్లనుంచి తెచ్చిన ఒకే రకం సీసాలే, రెండిట్లోనూ పాలలాంటి తెల్లటి మందే, రెండిటికీ చీటీల్లేవు. ఒకటి ఆ పిల్లాడికి పట్టించాల్సిన సుద్దమందు. రెండోది వీధి చివర మేస్త్రీ మోకాళ్లకి రాసుకునే కర్పూరతైలం మందు, అది కడుపులోకి పోతే విషమే. తాగేవి కుడివైపు, పూసేవి ఎడమవైపు పెట్టడం నాన్న పద్ధతి. నాకు తెలుసు. చీటీ చకచకా కత్తిరించి, కుడివైపు సీసాకి జిగురుతో అంటించి ముసలమ్మ చేతిలో పెట్టాను. కళ్లు మూసుకోలేదు. ఆ పని అంత తొందరగా అయిపోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

నాన్న వచ్చి, నేను చెప్పింది విని, మిగిలిన సీసా చేతుల్లోకి తీసుకుని కళ్లు మూసుకున్నారు. పెదాలు కదలలేదు. కళ్లు తెరిచి, బిరడా లాగి వాసన చూశారు.

"నువ్వెక్కడ నిలబడి తీసేవు?" అని అడిగారు.

అప్పుడు తెలిసింది. నేను బడిసంచీతో బల్లకి ఇవతల, జనం నిలబడే వైపు నిలబడ్డాను. నా కుడి నాన్నకి ఎడమ.

 అసలు సీసా నా చేతికిచ్చి సైకిలెక్కమన్నారు. ముసలమ్మ ఊరు కొత్తవలస రోడ్డులో ఆరు మైళ్లు. ఎండలో ఆయన తొక్కుతుంటే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెనక కూర్చుని సీసా పొట్టకి హత్తుకున్నాను. పిల్లాడి నోట్లో ఇప్పటికే పోసేసి ఉంటారా అన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. ప్రార్థన చేద్దామనుకున్నాను. మూడేళ్లు మాట్లాడకుండా ఉన్నదాన్ని, ఏ మొహం పెట్టుకుని మొదలుపెట్టను?

ముసలమ్మ వాకిట్లోనే ఉంది. పిల్లాడు చాపమీద వాడిపోయి పడుకున్నాడు, తల్లి విసురుతోంది. నాన్న సైకిలు గోడకి ఆనించకుండానే వదిలేశారు, అది కింద పడిపోయింది.

"మామ్మా, మందెన్నిసార్లు పోసేవు?"

"ఎక్కడ పోస్తాను బాబూ. ఈ సిన్నమ్మ మంత్రం సెప్పకుండా ఇచ్చీసినాది. బస్సని ఊరకున్నాను గానీ, మంత్రం లేని మందు గుంటడికెలా పోస్తాం? రేపొచ్చి మీ సేత సెప్పించుకుందామని గూట్లో ఎట్టినాను."

గూట్లో సీసా ఉంది. నేనంటించిన చీటీ మొదటి గాటు పైదాకా మందు నిండుగా ఉంది. నాన్న అరుగుమీద కూలబడి, తువ్వాలు మొహానికి కప్పుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. నేనైతే ఏడ్చాను.

కాసేపటికి లేచి, గూట్లో సీసా తీసి పెరటి చివర గొయ్యి తవ్వి పారబోశారు. అసలు సీసా నా రెండు చేతుల్లో పెట్టారు.

"సెప్పు. ఇందల ఏటున్నాదో, నువ్వేటి సేసేవో."

కళ్లు మూసుకున్నాను. సుద్దపొడి, తుమ్మబంక, దాల్చినచెక్క నీళ్లు అని వరసగా చెప్పాను. ఇందాక ఇంకో సీసా ఇచ్చాను, కళ్లు మూసుకోలేదు, తొందరపడ్డాను, ఈ పిల్లాణ్ణి కాపాడు అన్నాను. పిల్లి సంగతి ఎత్తలేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమేన్ అన్నాక నాన్న జేబులోంచి చీటీ తీసి అంటించారు.

ముసలమ్మకి ఇంకా అనుమానం తీరలేదు. "ఈ గుంట మంత్రం పనిసేస్తాదా బాబూ?" అని అడిగింది.

"నా దానికన్నా బాగా పనిసేస్తాది మామ్మా" అన్నారు నాన్న. "తప్పు సేసినోల మాట ఆయన ముందు ఇంటాడు."

మామ్మ కాసేపు నా మొహంకేసే చూసి, ఉగ్గుగిన్నె తెమ్మని కోడలికి చెప్పింది.