చెల్లె బిడ్డను కాను

గోల్కొండ కోట టికెట్ల దగ్గర నేను నా స్నేహితురాళ్ల పరువు తీశానట. ఇది వాళ్ల మాట. నన్నడిగితే వాళ్లే నా ప్రాణం తీశారు.

అక్కడ రెండు వరసలు. ఈ దేశం వాళ్లకొకటి, బయటి దేశాల వాళ్లకొకటి. బయటి వాళ్ల టికెట్టు ఎన్నో రెట్లు ఎక్కువ. నాది మలేషియా పాస్‌పోర్టు. అది నా చేతిసంచిలో ఉంది. కాబట్టి రెండో వరస వైపు నడిచాను. నాతో వచ్చిన ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

"ఏందక్కా నీ లొల్లి? సప్పుడు జేయకుండ మా ఎంబడి రా," అంది జనగామ అమ్మాయి.

"అబద్ధం ఎందుకు చెప్పాలి?"

"అబద్ధం జెప్పమని ఎవరన్నరు? నిన్ను ఎవలన్న అడిగిన్రా?" అంది సిద్దిపేట అమ్మాయి.

చెయ్యి విడిపించుకుని వెళ్లి నిలబడ్డాను. కిటికీ లోపలాయన తల పైకెత్తి, "ఇది ఫారినోల్లదమ్మా, మనది అటు," అన్నాడు. పాస్‌పోర్టు ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి పక్కాయనకు కూడా చూపించాడు. "ఇంత మంచిగ తెలుగు మాట్లాడుతవు, నీకెందుకమ్మా గీ లైను?" అన్నాడు. వెనకున్నవాళ్లు నవ్వారు. నా ముఖం మండిపోయింది. కోటంతా ఎక్కి దిగేదాకా ఆ ఇద్దరూ నాతో సరిగా మాట్లాడలేదు. పైన గాలి బాగా వీస్తోంది, ఊరంతా కనిపిస్తోంది, నాకు మాత్రం ఏదీ ఎక్కలేదు.

నా సంగతి కాస్త చెప్పాలి. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి మలేషియా వెళ్లాడు. తరాలు గడిచినా మా ఇంట్లో తెలుగు పోలేదు. నేను అక్కడ ప్రభుత్వ బడిలో టీచర్ని. ఆదివారం పూట తోటల పిల్లలకు తెలుగు నేర్పుతాను. మా తెలుగు పాతబడిపోయిందని, పిల్లలకు పాఠాలు కొత్తగా రాయాలని, తార్నాకలో ఒక ఏడాది కోర్సులో చేరాను. మా బడి వాళ్లు ఒక్క ఏడాదే సెలవిచ్చారు. మళ్లీ ఇవ్వరు. నేను నేర్చుకోకుండా తిరిగి వెళితే ఆ ఆదివారం తరగతి మూతపడుతుంది, ఎందుకంటే నా తర్వాత చెప్పేవాళ్లు లేరు.

తార్నాకకు దగ్గర, అద్దె తక్కువ అని నాచారం పాత ఊళ్లో ఒక ఇంటి పై పోర్షన్లో గది తీసుకున్నాను. పక్క గదిలో ఈ ఇద్దరమ్మాయిలు. మల్లాపూర్‌లో మందుల కంపెనీ ల్యాబులో పని. వారమంతా తెల్ల కోటు, ఆదివారం వస్తే చాలు కాళ్లకు చక్రాలు. నేను చూడాల్సిన చోట్ల జాబితా వాళ్లే తయారు చేశారు. చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, యాదగిరిగుట్ట, భువనగిరి. కనిపించిన ప్రతివాళ్లకూ "మా అక్కది మలేషియా" అని పరిచయం చేసేవాళ్లు, అదేదో చెంగిచెర్ల అవతల కొత్తగా లేచిన కాలనీ అన్నట్టు. ఎదుటివాళ్లు కూడా అంత తేలిగ్గానే "అవునా, మంచిది" అనేవాళ్లు.

ఇక మా ఇంటి ఓనరావిడ. అరవై దాటిన మనిషి. తాతల నాడు వాళ్లు వరి పండించిన చోట ఇప్పుడు రేకుల షెడ్లు లేచాయి. భర్తకు మల్లాపూర్‌లో చిన్న లేత్ మిషను పని. నేను దిగిన రోజే పెద్దావిడ నా పెట్టె చూసి, నన్ను చూసి, "ఏ ఊరు బిడ్డా మీది?" అంది. మలేషియా అన్నాను. "అది సరే, అసలు ఊరు?" అంది. ముత్తాత సంగతి చెప్పాను. "గట్ల జెప్పు. ఆంధ్రోల్లయితే ఏంది, మనోల్లే గద," అని తేల్చేసింది. తనను పెద్దమ్మా అని పిలవమంది. సాయంత్రం తరగతి నుంచి వచ్చేసరికి వంటింట్లో పీట వేసి ఉండేది. గోడకానుకుని ఆ పీట మీద కూర్చుని, జొన్నరొట్టె మీద ఆమె వేసే కూరతో తినేదాన్ని. నా భాష విని పడీపడీ నవ్వేది. "సినిమాల లెక్క మాట్లాడుతవు బిడ్డా" అనేది. పరాయి దేశంలో మొదటి నెల ఏడవకుండా గడిచిందంటే ఆ పీట వల్లే. ఆ మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను చేసింది వేరు.

బయటి దేశం నుంచి వచ్చి ఎక్కువ కాలం ఉండేవాళ్లు ఇక్కడి విదేశీయుల ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి. దరఖాస్తు పెట్టాను. ఇంటి యజమాని నింపాల్సిన సీ ఫారం లేదని తిప్పి పంపారు. ఫలానా విదేశీయురాలు మా ఇంట్లో ఉంటోంది అని ఇంటివాళ్లు తెలియజేసే కాగితమది. నెలాఖరు దాకా గడువిచ్చారు. అప్పటికీ కాకపోతే కోర్సు వదిలేసి విమానం ఎక్కాల్సిందే.

నేను పెద్దమ్మకు చెప్పాను. "రేపు జేద్దాం తియ్," అంది. మర్నాడు ఎవరిదో పెళ్లి. ఆ మర్నాడు బోనులో ఎలుక పడింది. తర్వాత ఇంటాయనకు జ్వరం. వారం గడిచాక మళ్లీ అడిగితే, "నువ్వు మా ఇంట్ల ఉన్నవని సర్కారుకు దేనికి బిడ్డా? దొంగతనం జేసినవా? ఫికర్ జేయకు," అంది. గడువు గురించి వివరించాను. తల ఊపి ఇంకో రొట్టె వేసింది. నేను చెప్పిన ప్రతి మాటా ఆమె చెవి దాకా వెళ్లి ముద్దుగా జారిపోయేది. కోపగించుకుందామంటే చేతిలో ఆమె పెట్టిన కంచం ఉండేది.

ఆ అమ్మాయిలకు చెప్పుకుంటే వాళ్లూ అంతే. "పెద్దమ్మ జేస్తదిలే అక్కా. ఈ ఆదివారం సాలార్‌జంగ్ పోదామా?" మా దేశంలో ఫారం అంటే ఫారమే. నింపుతారు, సంతకం పెడతారు, ఇస్తారు. ఇక్కడ అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, తినిపిస్తున్నారు, తిప్పుతున్నారు, ఒక్కరూ కాగితం మీద నాలుగు ముక్కలు రాయడం లేదు. రాత్రుళ్లు గదిలో పళ్లు కొరికేదాన్ని. చివరికి, సీ ఫారం ఆలస్యమవుతోందని, నేను మాత్రం ఈ చిరునామాలోనే ఉంటున్నానని, కావాలంటే విచారించుకోమని ఆఫీసుకు నేనే ఒక ఉత్తరం పంపాను.

గడువుకు రెండు రోజుల ముందు ఆదివారం వచ్చింది. భువనగిరి కోట. నేను రానన్నాను. "గదిల కూసుంటే ఫారం ఒస్తదా?" అని లాక్కుపోయారు. ఉప్పల్ రింగు దగ్గర బస్సెక్కాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆ కొండ మొత్తం ఒకే రాయి, నున్నగా బోర్లించిన మూకుడులా ఉంటుంది. రాతిలో చెక్కిన మెట్లు సగం ఎక్కామో లేదో నా ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి జవాబు. స్థానిక పోలీసులు విచారించగా ఆ చిరునామాలో విదేశీయులెవరూ అద్దెకు లేరని, ఇద్దరు స్థానికులు, యజమాని బంధువు ఒకరు మాత్రమే ఉన్నారని తేలింది, కాబట్టి దరఖాస్తు పరిశీలించలేము. మంగళవారం సాయంత్రం లోగా సరైన ఆధారం చూపించాలి.

నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను. చదివి వినిపిస్తే జనగామ అమ్మాయి పకపకా నవ్వింది. "అయితే నువ్వు ఫారినర్ గాదని సర్కారే ఒప్పుకున్నది గదక్కా! గోల్కొండల లైను కట్టిందంత దండుగ!"

"నోర్ముయ్," అన్నాను. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆగి చూస్తున్నారు. "నీకు నవ్వులాట. ఎల్లుండికల్లా నేను పెట్టె సర్దుకోవాలి. నెల రోజులుగా రాళ్లూ గోడలూ చూపిస్తున్నారు. ఒక్క పూట నాతో వచ్చి ఆవిడకు అర్థమయ్యేలా చెప్పారా? అక్కా అక్కా అంటే సరిపోయిందా?" ఏడుపొచ్చింది. సిద్దిపేట అమ్మాయి నీళ్ల సీసా అందించింది, నేను తీసుకోలేదు. ఆ కోట పైభాగం నేను ఇప్పటికీ చూడలేదు. ముగ్గురం అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఉప్పల్లో దిగాం.

పెద్దమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నిలబడే అడిగాను, నా గురించి పోలీసులకు ఏం చెప్పారని.

ఆమె ఏమాత్రం తడబడలేదు. "మొన్న ఒచ్చిండు పోలీసాయన. కిరాయికి ఎవరున్నరని అడిగిండు. పైన ఇద్దరు పిల్లలున్నరని జెప్పిన. ఇంకొకామె ఎవరన్నడు. నా చెల్లె బిడ్డ అన్న. మంచిది అని పోయిండు." నవ్వు ముఖంతో నా వైపు చూసింది. "ఇగ నీకు ఏ ఫికర్ లేదు. నిన్ను ఎవ్వడు ఏం అడగడు."

నన్ను కాపాడాననే అనుకుంటోంది. అది నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ ఆగలేకపోయాను.

"నేను మీ చెల్లెలి బిడ్డను కాను. మీకూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. పరాయి దేశం నుంచి వచ్చి మీ గదికి అద్దె కడుతున్న మనిషిని. అంతే రాయమంటున్నాను. ఆ ఒక్క ముక్క రాయడానికి నెల రోజులు కావాలా?"

ఆమె చేతిలో చింతపండు చేతిలోనే ఉంది. "గింతేనా బిడ్డా?" అంది. నేను మెట్లెక్కి వెళ్లిపోయాను. ఆ సాయంత్రం కింది నుంచి పిలుపు రాలేదు.

సోమవారం పొద్దున్నే తలుపు తట్టింది. ఇస్త్రీ చీర, కళ్లజోడు, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఇంటి కాగితాలు, కరెంటు బిల్లు, ఆధార్ కార్డు, అన్నీ ఉన్నాయి అందులో. "పా, పోదాం," అంది. ఇద్దరం నాచారం చౌరస్తా దాకా నడిచాం. ఆమె ముందు, నేను వెనక. నెట్ సెంటర్ ఆయన ఒక్కో గడీ చదివి అడుగుతుంటే ఆమె చెబుతూ పోయింది. నా పేరు, దేశం, పాస్‌పోర్టు నంబరు. ఇంకా ఏదో టైపు కొడుతూ ఆయన మామూలుగా అడిగాడు, "ఈమె నీకేమైతదమ్మా?"

"ఏం గాదు," అంది పెద్దమ్మ.

అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు తనే తీసుకెళ్లింది. బల్ల ముందు నిలబడి, "మొన్న నేను అబద్ధం జెప్పిన సార్. ఈమె మా పిల్ల గాదు. బయటి దేశం ఆమె, కిరాయికి ఉంటది," అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. రాసిన కాగితం మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు పెట్టింది. నేను కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. నాకు కావాల్సిందంతా జరిగిపోతోంది. అయినా ఎవరినో ఒకరిని తిట్టాలనిపించింది, తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మంగళవారం కాగితాలు చేరాయి. ఆ వారంలోనే అనుమతి వచ్చింది. ఏడాది ఉండొచ్చు. అమ్మాయిలిద్దరూ స్వీట్ల డబ్బా తెచ్చారు, కొండ మీద తిట్లు మరిచిపోయినట్టే. "ఇగ ఒచ్చే ఆదివారం చార్మినార్. నువ్వు ఏ లైన్ల నిలబడతవో నీ ఇష్టం," అన్నారు.

ఒక మిఠాయి తీసుకుని కిందికి వెళ్లాను. ముందు గదిలో టీపాయ్ మీద స్టీలు కంచం, పక్కన అద్దాల బీరువాలో ఉండే గాజు గ్లాసులో నీళ్లు, ఎదురుగా కుర్చీ. బయటివాళ్లు వస్తే పెట్టే పద్ధతి అది. ఇన్నాళ్లూ చూశాను, నాకెప్పుడూ పెట్టలేదు. "కూసోండ్రి, కూసోండ్రి," అంది పెద్దమ్మ. వడ్డించింది, కూర సరిపోయిందా అని మర్యాదగా అడిగింది, లోపలికి వెళ్లిపోయింది. ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుని రెండు ముద్దలు తిన్నాను.

కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆమె పొయ్యి పక్కన కింద కూర్చుని తింటోంది. నా పీట గోడకు నిలబెట్టి ఉంది, దాని ముందు బియ్యం డబ్బా. నేను ఆమె పక్కనే ఉత్త నేల మీద కూర్చున్నాను.

"అయ్యో, కిందనా?" అని ఆమె ఎంగిలి చెయ్యి కడుక్కుని లేచింది. "జర ఆగుండ్రి, కుర్చీ తెస్త."