రోజూ వేసుకునేది మందు కాదట

మా చిన్నత్త బయటి నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, తలుపు తీసినవాళ్ల మణికట్టు పట్టుకుంటుంది. గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతుంది. మధ్యలో నోరెత్తితే కసురుతుంది. పాలు పోయడానికి వచ్చినతను కూడా ఒకసారి దొరికిపోయాడు.

మా ఇంటి పై వాటాలోనే వాళ్ల కాపురం. పిల్లలు చేతికందాక అత్త నర్సింగ్ శిక్షణలో చేరింది. మందుల పాఠం ఆమెకు కొట్టిన పిండి. ఏది దేనికి, ఏది దేనితో కలవకూడదు, నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆమెను ముంచింది మనుషులు. ప్రాక్టికల్ పరీక్షలో ఒక ముసలాయన మందులేవీ వాడనన్నాడు. అత్త నమ్మేసింది. షుగర్ మాత్రలు ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తూనే ఉన్నాయి. అత్త తప్పింది. రెండోసారీ తప్పితే ఇంటికి పంపేస్తారు.

ఇక మాకు మనశ్శాంతి లేదు. నాన్నమ్మను మంచం మీద కూర్చోబెట్టి అడిగేది.

"పెద్దమ్మగారూ, మందులేమైనా వాడుతున్నారా?"

"నీ మొహం! పొద్దున నువ్వే కదే ఇచ్చావు?"

"అమ్మా, ఇప్పుడు నేను నీ కూతుర్ని కాదు, నర్సుని."

"అయితే ఆ ఫ్యాను వెయ్యి నర్సమ్మా. చెమటలు పట్టేస్తున్నాయి."

మావయ్యను నొప్పి ఎక్కడని అడిగితే, "చెవుల్లో. నువ్వు చదువు మొదలుపెట్టినప్పట్నుంచీ," అన్నాడు. అత్త పుస్తకం విసిరికొట్టింది. "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అడిగినదానికి సమాధానం చెప్పరు కదా ఈ లోకంలో!"

రెండోసారి పరీక్షలో మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పెద్దావిడను అప్పగించారు. డాక్టరు నొప్పికి మాత్ర రాశాడు. అది ఇవ్వచ్చో, ఆపాలో అత్త తేల్చాలి. పరీక్ష పెట్టే మేడం పక్కనే నిలబడింది.

"మందులేమైనా వాడుతున్నారా అమ్మా?"

"లేదు తల్లీ. మందులంటేనే నాకు పడదు."

అత్త ఆవిడ చేతులు చూసింది. అక్కడక్కడా కమిలి నల్లబడ్డాయి.

"ఇవేంటి?"

"తలుపు తగిలింది."

"రెండు చేతులకీనా? ఆ తలుపుకి మీమీద ఏం పగ?"

మేడం దగ్గింది. అత్త ఆగే స్థితిలో లేదు.

"పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటారో ఒక్కొక్కటే చెప్పండి."

"టీ తాగుతాను. తర్వాత గుండెకిచ్చిన చిన్న మాత్ర..."

"మందులు వాడనన్నారుగా!"

"అది మందెలా అవుతుందే పిచ్చిపిల్లా? ఏళ్ల తరబడి రోజూ వేసుకునేదేగా! మందంటే జబ్బు చేసినప్పుడు వేసుకునేది."

అత్త తల పట్టుకుంది. ఆవిడ సంచీలోంచి మాత్రల అట్ట తీయించి చూసింది. రక్తాన్ని పలచబరిచే మాత్ర. దానికి ఈ నొప్పి మాత్ర తోడైతే లోపల రక్తస్రావం కావచ్చు. మాత్ర ఇవ్వకుండా పక్కన పెట్టి, డాక్టరుతో మాట్లాడాలంది.

మేడం పాస్ చేసింది కానీ, మర్యాదకు మార్కులు వేయలేదు.

"రోగులతో అలాగేనా మాట్లాడేది?"

"మెల్లిగా అడిగితే లేదంటున్నారు మేడం. నన్నేం చెయ్యమంటారు?" అంది అత్త ఏడుపు గొంతుతో.

ఇప్పుడు చిన్నత్త ఆడవాళ్ల వార్డులో నర్సు. ఈ నెలంతా మధ్యాహ్నం డ్యూటీ, రాత్రి తలుపు తీసి మణికట్టు అప్పగించేది మేమే.