మా అమ్మ వేలు, వాళ్ల కాయితం

పోయిన నెల రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా సిరా పెట్టె మూత తీయగానే ఆ ఊదారంగు సిరా వాసనకు నేను బొటనవేలు వెనక్కి లాక్కున్నాను.

ఆ వాసన నాకు పదకొండేళ్లప్పుడు, అక్కడ ఊరంతా గాలిపటాలెగరేసే విశ్వకర్మ పూజ ముందురోజు తెలిసింది. కోల్‌కతా ఓడల డాకుల పక్కన, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల ఇళ్ల లైన్లో ఉండేవాళ్లం. భాద్రపదం ఎండకి గంగ బురదా, ఎండుచేపలూ, ఎవరింట్లోనో ఉడుకుతున్న ఖిచుడీ కలిసి వాసన కొడుతుంటే, పక్కింటి సింహాచలం మావ గంజిలో గాజుపొడి కలిపి, రెండు దీపస్తంభాల మధ్య లాగిన గాలిపటం దారానికి పట్టించేవాడు. నేనూ, వాళ్లమ్మాయి కుమారీ వేళ్లు తెగినా చెప్పకుండా చివర పట్టుకునేవాళ్లం. మావ డాకులో క్రేను నడిపేవాడు. లైన్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆయన్నే పిలిచేవారు.

ఆ మధ్యాహ్నం పోలీసులు మా దారం తొక్కుకుంటూ వచ్చారు. డాకులో ఇత్తడి సామాను పోయిందన్నారు. మావను బయటికి ఈడ్చి, మమ్మల్ని దూరంగా నెట్టి, తలుపు మూసుకుని ఇల్లు వెతికారు. కాసేపటికి గోనెసంచితో బయటికొచ్చారు. ఆ సంచి అంతకుముందు వాళ్ల జీపులోంచే దిగడం నేను చూశాను. తర్వాత ఒక కానిస్టేబులు బెంగాలీలో రాసిన కాయితం మా అమ్మ ముందు పెట్టాడు.

"దీన్లో ఏటి రాసున్నాది బాబూ?" అంది అమ్మ.

"టిప్ దాఓ," అన్నాడు, వేలిముద్ర వెయ్యమని.

"నాకు సంతకం వచ్చు."

నా పలక మీద ఆరు నెలలు దిద్ది నేర్చుకున్న సంతకం అది. అతను ఆమె బొటనవేలు లాక్కుని సిరాలో అద్ది కాయితానికి నొక్కేశాడు. సోదా కళ్లారా చూసిన సాక్షి మా అమ్మ అని అందులో రాశారట. సాక్షుల ఎదుటే సోదా జరగాలని చట్టం చెబుతుంది మరి. ఆ చట్టానికి కావలసిన వేలు వాళ్లకు అలా దొరికింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మావకు బెయిలు రాలేదు. ఆ యేడే బళ్లో ప్రాథమిక హక్కుల పాఠం వచ్చింది. పరీక్షలో ఆ ప్రశ్నకు నేను జవాబు రాయలేదు.

పద్నాలుగు నెలల తర్వాత అమ్మను కోర్టుకు పిలిచారు. ముందురోజు అదే కానిస్టేబులు వచ్చి, కాయితంలో ఉన్నదే చెప్పకపోతే ఈసారి మా నాన్న వంతని చెప్పి వెళ్లాడు.

"పై ఊరోలం, మనకెందుకే," అన్నాడు నాన్న.

"సింహాచలం పెల్లాం రోజూ నాకెదురుపడతాది. ఏ మొకం ఎట్టుకుని మాటాడను?" అంది అమ్మ.

కోర్టులో జడ్జి, ఆ వేలిముద్ర నీదేనా అని అడిగాడు. తనకొచ్చిన హిందీలో అమ్మ చెప్పింది: వేలు నాదే, అందులో మాట నాది కాదు, నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

కేసు కొట్టేశారు. అప్పటికే మావ ఉద్యోగం పోయింది. విడుదలైన రోజే కుటుంబంతో హౌరాలో రైలెక్కి ఊరికి వెళ్లిపోయాడు. నాన్నను ఆ తర్వాత మూడేళ్లు, ఏ దొంగతనం జరిగినా స్టేషనుకు పిలిచి సాయంత్రందాకా నిలబెట్టారు. ఎందుకని అడిగినవాడు లేడు.

ఇప్పుడు ఆ లైను లేదు, అక్కడ గోదాములు లేచాయి. మావా లేడు. కుమారి నంబరు ఈ మధ్యే దొరికింది. ఫోనులో చాలాసేపు మాట్లాడుకున్నాం. కోర్టులో అమ్మ చెప్పిన మాట ఎత్తాను.

"ఆ మాట మా అయ్యకి ఇనపడనేదప్పా," అంది కుమారి. "జైలుకెల్లకముందే, టేసన్లో కొట్టిన దెబ్బలకే రెండు సెవులూ పోయేయి. ఊరెల్లినాక మేం అరిసి అరిసి సెప్పేం."